ఒకే కుండలో రెండు ఇంజిన్లు

మా ఇంటి వెనక చిన్న గది ఒకటి ఉంది. బట్టలు ఉతుక్కోవడానికని కట్టారు. ఇప్పుడు అందులో నేను ఇంజిన్లు ఉతుకుతాను.

ఇంజిన్లంటే కార్లవీ లారీలవీ కావు, పిడికిట్లో పట్టేవి. నేల మీద నిలబడి రేడియోతో ఎగరేసే చిన్న విమానాలకి బిగించేవి. వాటిని బొమ్మ విమానాలంటే ఎగరేసేవాళ్ళు నొచ్చుకుంటారు, అందుకని నేనూ అనడం మానేశాను. స్పిరిట్లో ఆముదం కలిపి పోస్తే అవి నిమిషానికి పదివేల చుట్లు తిరుగుతాయి. ఆ ఆముదం వల్లే అవి అరిగిపోకుండా ఉంటాయి, ఆ ఆముదం వల్లే పాడైపోతాయి కూడా. వేడికి మాడి, లోపలా బయటా గోధుమరంగు పెచ్చులా పట్టేస్తుంది. నాలుగేళ్ళు మూల పడేస్తే జిగురై, తిరగాల్సినవేవీ తిరగవు.

కాలేజీ సైన్సు ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాణ్ణి. ఏ మురికి దేనికి లొంగుతుందో నాకు తెలుసు. పచ్చి ఆముదమైతే స్పిరిట్లో ముంచిన పళ్ళ బ్రష్షు చాలు. మాడిన ఆముదానికి మాత్రం కారు రేడియేటర్లో పోసే కూలెంట్ కావాలి. అందులో భాగాలన్నీ మునిగేలా పెట్టి, మరగనివ్వకుండా సన్న సెగ మీద ఒక పగలూ ఒక రాత్రీ ఉంచితే ఆ పెచ్చు దానంతటదే వదిలేస్తుంది. గీకకూడదు. తీగ బ్రష్షు అసలు తాకించకూడదు. కాలవ గొట్టాలు శుభ్రం చేసే పొడి దగ్గరికి కూడా రానివ్వకూడదు, అది అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఈ చివరి సంగతి మా బావమరిది నేర్పాడు. అంటే, ఒకసారి నేను చూడనప్పుడు ఒక ఇంజిన్ ఒంటిని ఆ పొడి కలిపిన నీళ్ళలో వేశాడు. అది సోడాలా బుసబుసమని పొంగి, నల్లబడి, చిల్లులు పడి తేలింది. మా ఆవిడ ముక్కున వేలేసుకుని చూసి, "మా తమ్ముడి చేతికి ఏదైనా ఇచ్చే ముందు నాకో మాట చెప్పండి" అంది. వాడికి ఇంట్లో చిన్నప్పటి నుంచీ తుఫాను అనే పేరు.

ఉడికించే కుండ కూడా మా ఆవిడదే. సూపులు చెయ్యడానికి కొనుక్కున్న కరెంటు కుక్కర్. అడిగితే రెండు రోజులు ఆలోచించి ఇచ్చేసింది. ఇచ్చే ముందు మూత మీద గోళ్ళ రంగుతో ఎర్రగా రాసింది: "ఇది వంటకి కాదు. ఈయనకి." కూలెంట్ విషం, అది తగిలిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు, అందుకని. ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది. ఆ రాత ఇప్పటికీ అలాగే ఉంది. రోజూ మూత తీసేటప్పుడు ఆవిడ నన్ను "ఈయన" అని పిలిచినట్టే ఉంటుంది. అది చాలు, ఆ రోజు బాగానే మొదలవుతుంది.

శుక్రవారం పొద్దున్నే పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ మా వీధి చివర ఆస్పత్రి నడుపుతుంది. విమానాలు ఎగరేసే గుంపులో అందరికంటే చెయ్యి స్థిరం ఆవిడదే. సంచీలోంచి రెండు ఇంజిన్లు తీసి బల్ల మీద పెట్టింది. రెండూ ఒకే రకం, ఒకే వయసు, ఒకేలా గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి.

"వీటికి గార పట్టింది మాస్టారూ," అంది. "మనుషుల నోట్లో అయితే నేనే గీకేసేదాన్ని."

"గీకకపోవడమే మంచిదైంది. ఎప్పటికి కావాలి?"

"ఎల్లుండి పొద్దున్నకి."

నేను కళ్ళజోడు తీసి ఆవిడ వంక చూశాను.

"నాకు తెలుసు," అంది. "కానీ సోమవారం నుంచి మేం ఎగరేసే మైదానంలో పునాదులు తవ్వుతారట. కబురు నిన్ననే తెలిసింది. ఆదివారమే ఆఖరు. మూడేళ్ళ నుంచి రెక్కకొక ఇంజిన్ చొప్పున ఈ రెండింటి కోసమే విమానం కట్టాను. దాన్ని ఒక్కసారైనా ఆ నేల మీంచే లేపాలి."

ఆ ఇంజిన్లు చేసిన కంపెనీ మూతబడి చాలా కాలమైంది. పిస్టన్ గీసుకుపోతే ఇంకోటి దొరకదు. పైగా రెండు ఇంజిన్ల విమానానికి ఇంకో చిక్కుంది. నేల వదిలీ వదలగానే ఒకటి ఆగిపోతే, రెండోది విమానాన్ని ఆగినవైపుకి తిప్పి తల్లకిందులు చేస్తుంది. మూడేళ్ళ పని మూడు క్షణాల్లో పుల్లలు.

"అయిపోతుంది, వెళ్ళండి," అన్నాను. అలా అనగలగడం నాకిష్టం.

ఈ పనిలో నాకొక నియమం ఉంది. ఒకేలాంటి ఇంజిన్లు రెండు వస్తే, ఒకటి విప్పి, కడిగి, బిగించాకే రెండోది ముట్టుకోవాలి. ఎందుకంటే ఇలాంటి పాత ఇంజిన్లలో పిస్టన్నీ, అది పైకీ కిందికీ జారే ఉక్కు గొట్టాన్నీ ఫ్యాక్టరీలో కలిపి నూరి జతచేస్తారు. చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి, కానీ ఒకదాని పిస్టన్ ఇంకోదాని గొట్టంలో సరిపోదు. బిగుతైతే పట్టేసి గీసుకుపోతుంది. వదులైతే బలం కారిపోతుంది.

అయితే ఒక్కో ఇంజినూ విడివిడిగా ఉడికించాలంటే రెండు రోజులు కావాలి. కుండ ఒక్కటే.

అప్పుడే మా బావమరిది వచ్చాడు. వాడు దర్జీ. దుకాణానికి శుక్రవారం సెలవు. అక్క పోయినప్పటి నుంచీ ఆ రోజు మా ఇంటికి వస్తాడు, ఎందుకొచ్చావని నేను అడగను.

"రెండూ ఒకేసారి వేసేద్దాం బావా," అన్నాడు సంగతంతా విని. "కలిసిపోకుండా నేను చూస్తాగా. ఒక్కోదానికి ఒక్కో వల సంచీ కుట్టి ఇస్తాను. ఒక ఇంజిన్‌వి ఎర్ర దారంతో, ఇంకోదానివి తెల్ల దారంతో."

"పిస్టన్నీ గొట్టాన్నీ ఒకే సంచీలో వెయ్యకూడదు. ఒకదాన్నొకటి గీసుకుంటాయి."

"అయితే నాలుగు సంచీలు. రెండెరుపు, రెండు తెలుపు. సరేనా?"

"దారం రంగు దిగదు కదా?"

"ఏంటి బావా, ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి కుడుతున్నాను. పెళ్ళి బట్టలకి వాడే దారం ఇది. షాపువాడు ఒట్టేసి చెప్పాడు."

నేను సరేనన్నాను. తప్పు వాడిదని తర్వాత అనుకోబోయాను కానీ, నియమం నాది, దాన్ని పక్కన పెట్టినవాణ్ణీ నేనే.

వాడు కుట్టిన సంచీలు చూస్తే ముచ్చటేసింది. నిమ్మకాయ పట్టేంత సంచీలు, అంచున దారం లాగితే మూతి బిగుసుకునేవి. మిగతా భాగాలకి ఇబ్బంది లేదు. ఇంజిన్ ఒళ్ళ మీద నంబర్లు చెక్కి ఉంటాయి. మరలన్నీ మా ఆవిడ కేకులు చేసే పన్నెండు గుంటల పళ్ళెంలో వరసగా పెట్టాను. కూలెంట్ పోసి, కిటికీ తెరిచి, సన్న సెగ పెట్టి తలుపు వేశాను.

శనివారం పొద్దున మూత తీశాను. పక్కనే మా బావమరిది ఉన్నాడు. దుకాణం ఆలస్యంగా తెరుస్తానని చెప్పి వచ్చాడు.

ముందుగా సంతోషమే. ఇంజిన్ ఒళ్ళు కొత్త వెండిలా మెరుస్తున్నాయి. ఒక్క మరక లేదు. పట్టకారుతో సంచీలు ఒక్కోటీ తీసి గుడ్డ మీద పెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

నాలుగు దారాలూ నాచు రంగులో ఉన్నాయి.

మా బావమరిది వంగి చూశాడు. ఒక దారాన్ని గోటితో గీకాడు. ఇంకోదాన్ని వెలుతురుకి పట్టాడు. ఎరుపంతా కూలెంట్లోకి దిగిపోయింది, ఆ కూలెంట్ పచ్చదనం అన్నిటికీ పట్టింది.

"షాపువాడు ఒట్టేశాడు," అన్నాడు.

"వాడు పెళ్ళి బట్టల మీద ఒట్టేశాడు. వాటినెవరూ ఉడికించరుగా."

వాడు నవ్వాడు, నవ్వి ఆగిపోయాడు. కుండ మూత మీద రాత వంక చూశాడు. "అక్క రాసింది పోలేదు. నా దారం పోయింది," అన్నాడు.

వాణ్ణి చూస్తే జాలేసింది. యాభై రెండేళ్ళ మనిషి, పదిహేనేళ్ళప్పుడు గాజు సామాను పగలగొట్టి నిలబడ్డట్టే నిలబడ్డాడు.

"చొక్కా కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ కలిపేసినట్టయింది బావా. సగానికి సగం అవకాశం. ఏదో ఒకటి వేసి..."

"వెయ్యం," అన్నాను. "కూర్చో. తెలుసుకునే దారి ఉంది."

మామూలుగానైతే మరకలు చూసి చెప్పేవాణ్ణి. గొట్టం మీద మాడిన గీత ఎక్కడ మొదలైందో పిస్టన్ మీద గీత కూడా అక్కడికే సరిపోతుంది. కానీ ఆ గీతలన్నీ నేనే కడిగేశాను. ఇంత శుభ్రంగా పని చేసినందుకు నన్ను నేను తిట్టుకోవడం అదే మొదటిసారి.

మిగిలింది చేతి పరీక్ష. గొట్టం లోపల పైకి వెళ్ళేకొద్దీ కంటికి తెలియనంత సన్నబడుతుంది. కింద నుంచి పిస్టన్ని తోస్తే, సరైన జోడీ అయితే సాఫీగా వెళ్ళి పై అంచుకి కాస్త ముందు గట్టిగా పట్టుకుంటుంది. పిస్టన్ పెద్దదైతే మధ్యలోనే ఆగుతుంది. చిన్నదైతే పట్టకుండా పైనుంచి బయటికొచ్చేస్తుంది.

నాలుగింటినీ స్పిరిట్లో కడిగి ఆరబెట్టాం. పిస్టన్లలో ఒకదాని నెత్తిన సూదిమొనంత గుంట ఉంది. దాన్ని గుంట పిస్టన్ అనుకున్నాం, రెండోది నున్న పిస్టన్. రెండు పిస్టన్లూ, ఒక గొట్టం కేకు పళ్ళెంలో పట్టాయి. ఇంకో గొట్టానికి చోటు లేక కిటికీ గట్టు మీద పెట్టాను.

అరగంట పోయాక కిటికీ మీది గొట్టం తీసుకుని, గుంట పిస్టన్ని కింద నుంచి తోశాను. జారుతూ వెళ్ళింది. సరిగ్గా ఉండాల్సిన చోట పట్టుకుంది.

"చూశావా? మొదటి దెబ్బకే దొరికింది," అన్నాను.

"రెండోది?"

నున్న పిస్టన్ని పళ్ళెంలోని గొట్టంలో తోశాను. పైదాకా వెళ్ళింది, ఇంకొంచెం తోస్తే బయటికొచ్చేలా ఉంది.

"ఇది వదులుగా లేదూ?"

"ఎక్కువ తిరిగిన ఇంజిన్ అయ్యుంటుంది, అరిగింది," అన్నాను. మరలు తీసుకోబోయాను.

మా బావమరిది నీళ్ళు నములుతున్నాడు. నిన్నటి నుంచీ వాడు చెప్పిన ఒకే ఒక్క మాట తప్పయింది కాబట్టి ఇంకో మాట చెప్పడానికి నోరు రావడం లేదు. చివరికి కిటికీ మీది గొట్టాన్ని వేలితో ముట్టుకున్నాడు.

"బావా, ఇది వెచ్చగా ఉంది."

కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆ గట్టు మీదే పడుతోంది. నేను పెట్టినప్పుడు లేదు, ఆ అరగంటలో వచ్చింది.

"ఇస్త్రీ చేసిన గుడ్డని మేం వెంటనే కొలవం," అన్నాడు వాడు, నేల చూస్తూ. "వేడి మీద అబద్ధం చెప్తుంది. చల్లారనిచ్చి కొలుస్తాం. ఇనుముకి కూడా అలాగే ఉంటుందేమో, నాకు తెలీదు..."

నాకు తెలుసు. వేడికి లోహం వ్యాకోచిస్తుందని ముప్ఫై ఏళ్ళ పాటు పిల్లలకి చూపించాను, దానికొక ఇత్తడి బంతీ, వలయమూ ఉండేవి. ఈ గొట్టాల్లో తేడా అంతా వెంట్రుకని ముప్ఫై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. ఆ ఎండ చాలు. వెచ్చగా ఉన్న గొట్టం సాగింది, తనది కాని పిస్టన్ని లోపలికి రానిచ్చింది. రెండోది వదులుగా ఉందని వాడు చెప్తే, నేనే దానికో కథ అల్లాను.

మరలు పళ్ళెంలో పెట్టేశాను.

"నువ్వు ఆ మాట అనకపోతే రేపు ఆ విమానం కూలేది," అన్నాను.

వాడి వీపు కాస్త నిటారైంది.

గదిలో నీడపట్టున రాతి నేల తుడిచి, నాలుగింటినీ పక్కపక్కనే పెట్టాం. చేతి వేడి తగలకుండా ల్యాబ్ నాటి కర్ర పట్టకారుతో పెట్టాను. గంటసేపు ఎవరూ ముట్టుకోకూడదని తీర్మానించుకుని, టీ పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాం.

"అక్క ఉంటే ఏమనేది?" అన్నాడు.

"ముందు నవ్వేది. తర్వాత నన్ను తిట్టేది."

"నన్ను కాదా?"

"నిన్నెప్పుడు తిట్టింది? ఆ పొడిలో వేసిన రోజు కూడా నువ్వు వెళ్ళాక, పొడి అక్కడ ఎందుకు పెట్టారని నాకే తిట్లు పడ్డాయి."

వాడికి ఈ సంగతి తెలియదు. కప్పు పట్టుకుని చాలాసేపు నవ్వాడు. "పాపం బావా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. ఆ ఒక్క గంట ఖాళీ దొరకడం మంచిదైంది. మూడేళ్ళలో మేం ఆవిడ గురించి ఇంత తేలిగ్గా మాట్లాడుకోలేదు.

గంటయ్యాక నేను లేచి గొట్టం పట్టకారుతో పట్టుకున్నాను. పెన్సిలొకటి వాడికిచ్చాను.

"దీంతో నువ్వు తొయ్యి."

"నేనా?"

"నేను తోస్తే పెన్సిల్‌తో పాటు నా నమ్మకమూ తోస్తుంది. నువ్వు వేళ్ళతో గుడ్డ మందం చెప్పగలిగినవాడివి. కళ్ళు మూసుకో. ఏది ఏదో నేను చెప్పను. ఎక్కడ పట్టుకుందో మాత్రం చెప్పు."

వాడు చొక్కాకి వేళ్ళు తుడుచుకుని కళ్ళు మూసుకున్నాడు. నాలుగు రకాలుగానూ పెట్టి తోయించాను.

కిటికీ గొట్టంలో గుంట పిస్టన్: "సగంలోనే ఆగింది. తోస్తే ఏడుస్తుంది, తొయ్యను."

కిటికీ గొట్టంలో నున్న పిస్టన్: "వెళ్తోంది... వెళ్తోంది... ఆఁ. ఇక్కడ. గుండీ కాజాలో పడ్డట్టు."

పళ్ళెం గొట్టంలో నున్న పిస్టన్: "ఇది దారిన పోయేదానిలా ఉంది. ఆగలేదు."

పళ్ళెం గొట్టంలో గుంట పిస్టన్: "మళ్ళీ గుండీ."

వరస మార్చి ఇంకో రెండుసార్లు చేయించాను. ప్రతిసారీ అదే జవాబు. పొద్దున్న నేను బిగించబోయిన జోడీలకి సరిగ్గా తిరగేసి.

"కళ్ళు తెరువు," అన్నాను. "తేలిపోయింది."

పిస్టన్, గొట్టం జోడీ కుదిరితే చాలు, ఆ జోడీ ఏ ఒంట్లో కూర్చున్నా ఇబ్బంది లేదు. తర్వాత పనంతా నాకు అలవాటైనదే. ఇంజిన్ ఒంటిని ఓవెన్లో కాస్త వెచ్చబెడితే కొత్త బేరింగు తనంతట తాను కూర్చుంటుంది, సుత్తి అక్కర్లేదు. ప్రతి కదిలే చోటా ఒక్కో చుక్క నూనె. మరలు ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించాలి. మూడింటికల్లా రెండూ బల్ల మీద ఉన్నాయి. ముందు బిగించిన ఫ్యాను రెక్కని వేలితో తిప్పితే, రెండూ ఒకేలా ఎదురు తన్నాయి.

నాలుగింటికి డాక్టరమ్మ వచ్చింది. ఇంజిన్లు చూసి, "నా దగ్గరికొచ్చే పళ్ళు కూడా ఇలా మెరిస్తే ఎంత బాగుండును," అంది.

జరిగింది చెప్పాలా, అంతా సర్దుకున్నాక ఆవిణ్ణి కంగారు పెట్టడం ఎందుకా అని నేను తటపటాయిస్తుంటే, మా బావమరిది ముందుకొచ్చాడు.

"మీకో మాట చెప్పాలండీ. ఇవి కలిసిపోయాయి. నా దారం రంగు దిగింది. ఏ పిస్టన్ ఏ గొట్టానిదో పొద్దున్న మాకు తెలీదు."

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. వాడు ఏదీ దాచకుండా మొత్తం చెప్పాడు, ఎండ సంగతితో సహా. నా తప్పు దగ్గరికొచ్చేసరికి ఆగాడు. అది నేను చెప్పాను.

"ఇప్పుడు ఖచ్చితమేనా మాస్టారూ?" అంది.

"ఖచ్చితం."

"పొద్దున్న కూడా మీకు ఖచ్చితంగానే ఉందిగా?"

"ఉంది. పొద్దున్న ఒకసారి చూసి చెప్పాను. ఇప్పుడు పన్నెండు సార్లు చూసిన మాట చెప్తున్నాను, అదీ నా వేళ్ళతో కాదు."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పన్ను పీకే ముందు ఇది నొప్పిపెట్టే పన్నేనా అని నేను మూడుసార్లు అడుగుతాను. పేషెంట్లు విసుక్కుంటారు," అంది. "తిప్పి చూపించండి."

పెరట్లో బల్లకి బిగించి ఒక్కోదాన్నీ పావుగంట తిప్పాం. ఆముదం పొగ పెరడంతా నిండింది. పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకున్నారు. ఆపాక వేడి మీద ఒకసారి, చల్లారాక ఒకసారి రెక్క తిప్పి చూసింది డాక్టరమ్మ. పట్టేయడం లేదు, బలం కారిపోవడం లేదు. రెండింటినీ సంచీలో పెట్టుకుని, గేటు దగ్గర వెనక్కి తిరిగింది.

"రేపు ఇద్దరూ రండి. మీరు రాకపోతే నేను లేపను," అంది.

ఆదివారం పొద్దున మైదానం అంచున అప్పటికే మట్టి తవ్వే యంత్రాలు నిలబెట్టి ఉన్నాయి. విమానం అనుకున్నదానికంటే పెద్దది, దాని రెక్కలు నేను రెండు చేతులూ చాపినంత పొడవున్నాయి. ఎడమ ఇంజిన్ అందుకుంది. కుడిది అందుకుంది. రెండూ కలిసి తిరుగుతుంటే వుమ్... వుమ్... వుమ్... అని అల వచ్చినట్టు చప్పుడు. వేగాల్లో తేడా ఉంటే అలాగే వస్తుంది.

"అదేంటి బావా?" అన్నాడు మా బావమరిది, నా మోచెయ్యి పట్టుకుని.

"ఆగు."

డాక్టరమ్మ కుడి ఇంజిన్‌కి ఇంధనాన్ని పెంచి తగ్గించే సూది మరని వెంట్రుకవాసి తిప్పింది. అలలు దూరం జరిగాయి. ఇంకొంచెం తిప్పింది. వుమ్... చాలాసేపటికి ఇంకో వుమ్. తర్వాత అలలు పోయి, రెండు ఇంజిన్లకీ కలిపి ఒకే గొంతు మిగిలింది.

విమానం గడ్డి మీద పరుగెత్తి లేచింది. మూడు క్షణాలు నేను లెక్కపెట్టాను. వాడు కూడా లెక్కపెడుతున్నాడని పెదాలు చూస్తే తెలిసింది. మూడు దాటాయి. అది యంత్రాల మీదుగా తిరిగి, ఎండలోకి ఎక్కి, తొమ్మిది నిమిషాల సేపు మా నెత్తి మీద తిరిగింది. ఆ గొంతు ఎక్కడా విడిపోలేదు.

దింపాక ఇంజిన్లు మళ్ళీ ఆముదంతో జిడ్డోడుతున్నాయి. డాక్టరమ్మ గుడ్డ తీసి, మాడకముందే తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే, "దర్జీగారూ, వచ్చే నెల నా పాత ఇంజిన్ కూడా ఇస్తాను. సంచీ మీరే కుట్టాలి," అంది.

"ఈసారి రంగులుండవండీ," అన్నాడు వాడు. చొక్కా జేబులోంచి నాలుగు కొత్త వల సంచీలు తీసి చూపించాడు. అన్నీ తెల్లవే. రెండింటి దారాలకి ఒక్కో ముడి, రెండింటికి రెండేసి ముళ్ళు.

"ముడి ఉడికినా ముడే," అన్నాడు.

ఇంటికొచ్చాక వాడే కుండ కడిగి, మూత తుడిచి, ఆ ఎర్ర అక్షరాల మీద గుడ్డ గట్టిగా రుద్దకుండా జాగ్రత్తగా పక్కకి తిప్పాడు. నేను చెప్పకుండానే.